పామాయిల్ మీద ప్రచారం చేయాలనుకుంటున్నాం, బజ్జీల బండి దగ్గర మొదలుపెట్టడం కరెక్టేనా?

అలిపిరి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. తిరుపతిలో పీజీ చదువుతున్నాను, జువాలజీ. మా కాలేజీలో ఎకో క్లబ్ ఉంది, ఇన్నాళ్ళూ మొక్కలు నాటడం, నడకదారిలో ప్లాస్టిక్ ఏరడం వరకే చేశాం. ఈసారి ఆగ్నేయాసియా దీవులైన సుమత్రా, బోర్నియో అడవుల గురించి ఏదైనా గట్టిగా చేయాలని ఉంది. క్లాసులో సుమత్రాలో ఉండే తపనులి ఒరాంగుటాన్ అనే వానరం గురించి చెప్పారు. అది వేరే జాతి అని 2017లో గానీ తేలలేదు, తేలేసరికి మిగిలినవి 800 కన్నా తక్కువ. ఒరాంగుటాన్లు బతికే అడవులు పోవడానికి ఉన్న కారణాల్లో పామాయిల్ తోటలు పెద్దవని చెప్పారు, ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

రాత్రి హాస్టల్ రూములో ఉన్న ప్యాకెట్లన్నీ మంచం మీద పోసి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివాం. బిస్కెట్, నూడుల్స్, చిప్స్, క్రీమ్ బన్, అన్నిటి మీదా పామ్ ఆయిల్ అనో పామోలిన్ అనో ఉంది. సబ్బు అట్ట మీద సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని ఉంది. షాంపూ సీసా దగ్గర ఆగిపోయాం, అందులో ఉన్న నురగ పదార్థాలు పామ్ గింజ నూనె నుంచి తీశారా కొబ్బరి నూనె నుంచి తీశారా అన్నది పేరు చూసి ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు అసలు సమస్య. మా వాళ్ళలో కొందరు సాయంత్రాలు బస్టాండు చుట్టుపక్కల బజ్జీల బండ్లు, టిఫిన్ సెంటర్ల ముందు నిలబడి "పామాయిల్ మానండి" అని ప్లకార్డులు పట్టుకుందాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పొద్దున్నే లేచి పిండి కలుపుకొని రోజు గడుపుకునే మనిషి ముందు నిలబడి అడవులు నీ వల్లే పోతున్నాయి అనడం న్యాయంగా అనిపించడం లేదు. ఇంకొకరేమో మన రాష్ట్రంలోనే రైతులు ఆయిల్‌పామ్ వేస్తున్నారు, ప్రభుత్వమే వేయమంటోంది, నువ్వు ఎవరి మీద పోరాడతావు అంటున్నారు. బాయ్‌కాట్ అనాలా, వద్దా? ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? ఎక్కడైనా ఇలాంటి ప్రచారం వల్ల నిజంగా ఏమైనా మారిందా? తెలిసినవాళ్ళు చెప్పండి, వచ్చే మీటింగులో తేల్చుకోవాలి.

చిత్తూరు_నిప్పట్లు:

పాపా, మంచి ప్రశ్న అడిగావు. నేను చిత్తూరులో నిప్పట్లు, మురుకులు, కారాలు చేసి అంగళ్ళకు వేస్తాను, ఇంట్లోనే పొయ్యి, సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు. మేము వాడేది పామాయిల్ డబ్బానే, దాచుకునేది ఏమీ లేదు. చెనిక్కాయ నూనెలో కాల్చిన నిప్పట్ల రుచి వేరని నాకూ తెలుసు, మా అమ్మ అదే వాడింది. కానీ ఆ నూనె పోసి చేస్తే ఇప్పుడు అమ్మే ధరకు ప్యాకెట్ ఇవ్వలేను, ధర పెంచితే అంగడి వాళ్ళు తీసుకోరు. పైగా పామాయిల్ గంటలు గంటలు కాగినా తొందరగా పాడవదు, దాంట్లో వేయించిన సరుకు అంగట్లో వారాల తరబడి వేలాడినా పాత నూనె వాసన రాదు. ఈ రెండు గుణాల వల్లే బిస్కెట్ కంపెనీ నుంచి బజ్జీల బండి దాకా అందరూ దాన్నే పట్టుకున్నారు.

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతి ఆపేసింది, మే 23 దాకా ఆపింది. అప్పటికే యుక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె రాక తగ్గి ఉండింది. డబ్బా రేటు చూసి పొయ్యి వెలిగించాలా వద్దా అని రోజూ టెన్షన్ పడినాం. అప్పుడు తెలిసింది నాకు, మా ఇంటి పొయ్యి ఎంత దూరంలో ఉన్న తోటల మీద ఆధారపడి ఉండాదో. అప్పటి నుంచి డీలరును అడుగుతా ఉన్నా, ఈ నూనె ఎక్కడిదయ్యా అని. కృష్ణపట్నం సరుకు అంటాడు. కృష్ణపట్నం రేవు పక్కన రిఫైనరీలు ఉన్నాయి, ఓడల్లో వచ్చే ముడి నూనెను అక్కడ శుద్ధి చేస్తారు, సరే. రేవుకు ముందు సంగతేంది? ఏ దీవిలో, ఏ తోటలో పుట్టింది? ఆ తోటకు ముందు అక్కడ ఏముండేది? నేను కొనే డబ్బా మీద ఆ ముచ్చటే లేదు.

మా బండ్ల ముందుకు బోర్డులు తీసుకొని రావద్దు తల్లీ. మేము తలుపు మూసుకుంటాం, మీరు చెప్పే మంచి మాట కూడా వినం. అడిగేదేదో డబ్బా తయారు చేసేవాడిని అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతా.

శేషాద్రి_దారి:

చెల్లెమ్మా, వినియోగదారుల సంఘాలతో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. పై అక్క చెప్పిన మాటతోనే మొదలుపెడతా, ఎందుకంటే ఇప్పటిదాకా గెలిచిన ప్రచారాలన్నీ డబ్బా తయారు చేసేవాడిని అడిగినవే, డబ్బా కొనేవాడిని తిట్టినవి కావు.

2010 మార్చిలో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళు నెస్లే కిట్‌క్యాట్ మీద ఒక వీడియో వదిలారు. ఆఫీసులో ఒకతను చాక్లెట్ రేపర్ విప్పితే లోపల ఒరాంగుటాన్ వేలు ఉంటుంది, అది చూసుకోకుండా కొరికేస్తాడు. కంపెనీ ఆ వీడియోను యూట్యూబ్ నుంచి తీయించబోయింది, దాంతో అది ఇంకా పాకిపోయింది, జనం కంపెనీ ఫేస్‌బుక్ పేజీ నిండా కామెంట్లు పెట్టారు. అదే ఏడాది మే నెలలో అడవులు నరికిన చోటి నుంచి వచ్చే నూనె కొనబోమని నెస్లే ప్రకటించింది. వీడియో సంచలనం గురించే అందరూ మాట్లాడుకుంటారు గానీ నా దృష్టిలో అసలు బలం ఇంకో చోట ఉంది. ఆ ప్రచారం "చాక్లెట్ తినకండి" అనలేదు. సినార్ మాస్ అనే సరఫరాదారు పేరు పెట్టి, వాళ్ళు ఎక్కడ అడవి కొడుతున్నారో ఆధారాలు చూపించి, వాళ్ళ దగ్గర కొనడం ఆపమని ఒకే ఒక్క కోరిక కోరింది. దానికి కంపెనీ అవుననో కాదనో చెప్పక తప్పదు. అంతకు రెండేళ్ళ ముందు, 2008లో, డవ్ సబ్బు మీద ఇలాగే ఒత్తిడి తెస్తే ఆ సబ్బు చేసే యూనిలీవర్, పర్యావరణానికి హాని లేకుండా తీశారని సర్టిఫికేట్ ఉన్న నూనెకు మారతామని మాటిచ్చింది. 2013 డిసెంబరులో విల్మార్, అంటే ప్రపంచ పామాయిల్ వ్యాపారంలో మూడో వంతుకు పైగా తన చేతుల మీదుగా నడిపే కంపెనీ, అడవులు నరకం, పీట్ నేలలు తవ్వం, కూలీలను, స్థానికులను దోచుకోం అని విధానం పెట్టుకుంది.

పీట్ నేల అంటే వేల ఏళ్ళుగా ఆకులు, కొమ్మలు, వేర్లు నీళ్ళలో నాని, పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుపోయిన నేల. తోట వేయడానికి కాలువలు తవ్వి ఆ నీళ్ళు తోడేస్తే అది ఎండిపోతుంది, ఒకసారి అంటుకుంటే భూమి లోపల కూడా కాలుతూనే ఉంటుంది, పైన నీళ్ళు చల్లితే ఆరదు. 2015లో ఇండోనేషియాలో అలా లేచిన పొగ సింగపూర్, మలేషియా దాకా కమ్మేసి బడులు మూయించింది.

ఇక బాయ్‌కాట్ సంగతి. నేను వద్దంటాను. హెక్టారుకు ఆయిల్‌పామ్ ఇచ్చే నూనె సగటున 3 టన్నులు దాటుతుంది, సోయా అయితే అర టన్నుకు అటూ ఇటూ. రేపు ప్రపంచమంతా పామాయిల్ మానేసి సోయాకు మారితే అంతే నూనెకు ఎన్నో రెట్లు భూమి కావాలి, ఆ భూమి కోసం బ్రెజిల్లో అడవి కొడతారు. 2006లో అమెజాన్‌లో కొత్తగా నరికిన నేల మీద పండిన సోయా కొనం అని వ్యాపారులు ఒప్పుకోవాల్సి వచ్చింది కూడా ఇందుకే, అక్కడ సమస్య సోయాదే. కాబట్టి పామాయిల్ వద్దు అనకండి, అడవి నరికి తీసిన నూనె వద్దు అనండి. ఇండోనేషియాలో పామాయిల్ కోసం అడవి నరకడం 2012 తర్వాత కొన్నేళ్ళపాటు తగ్గుతూ వచ్చింది, కొనే కంపెనీల మీద ఒత్తిడి, అక్కడి ప్రభుత్వం కొత్త అనుమతులు ఆపడం, ధరలు పడిపోవడం, అన్నీ కలిసి. ఆగలేదు, తగ్గింది. పులి, ఏనుగు, ఖడ్గమృగం, ఒరాంగుటాన్ నాలుగూ కలిసి బతికే సుమత్రాలోని లెజర్ అడవి అంచులను ఇప్పటికీ కొరుక్కుంటూనే వస్తున్నారు.

మన దగ్గర ప్రచారం ఎందుకు ముఖ్యమంటే, ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే. ఈ మధ్య ఏళ్ళలో, ఏడాదిని బట్టి 75 లక్షల నుంచి 98 లక్షల టన్నుల దాకా. యూరప్ 2023లో చట్టం చేసింది, 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన నేల మీద పండిన పామాయిల్, సోయా, కాఫీ, కోకో, రబ్బరు, కలప, పశువుల ఉత్పత్తులు రానివ్వం అని. దాని అమలు వాయిదా పడుతూ వస్తోంది, అది వేరే కథ. మనకు అలాంటి చట్టమే లేదు. శుభ్రమైన నూనె అడిగేవాళ్ళకు అదీ, అడగనివాళ్ళకు మిగతాదీ పంపితే అక్కడ అడవికి ఒరిగేదేమీ ఉండదు. మనం అడగకపోతే యూరప్ ఒక్కటి అడిగి లాభం లేదు.

రేణిగుంట_రాజా:

అన్నీ బాగానే ఉన్నాయి గానీ సుమత్రా దాకా ఎందుకండీ? కళ్ళ ముందు శేషాచలం ఉంది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కొండల్లో, పక్కనున్న కడప, నెల్లూరు వైపు అడవుల్లోనే, దాన్ని దుంగలు దుంగలుగా తరలించేశారు, ఇంకా తరలిస్తున్నారు. కాలేజీ పిల్లలు ముందు దాని గురించి మాట్లాడాలి. నాకు ఆ కొండలంటే ప్రాణం, అందుకే సూటిగా అంటున్నాను, ఏమీ అనుకోకండి.

అలిపిరి_అమ్మాయి:

రాజా గారూ, మీ బాధ నాకు అర్థమైంది, రోజూ ఆ కొండను చూస్తూనే కాలేజీకి వెళ్తాను. అయితే నాకు రెండూ ఒకటే కథలా కనిపిస్తున్నాయి. ఎర్రచందనం ఇక్కడ మనమెవ్వరం కొనం, చైనాలో ఖరీదైన ఫర్నిచర్ చేయించుకునేవాళ్ళ కోసం పోతుంది. మధ్యలో పట్టుబడేది ఎవరు? తమిళనాడు వైపు నుంచి కూలికి వచ్చిన చెట్టు కొట్టేవాళ్ళు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు, ఆ తర్వాత కూడా దుంగలు పోవడం ఆగలేదు. కొనేవాడి దగ్గర గిరాకీ అలాగే ఉన్నంతకాలం గొడ్డలి పట్టేవాడు ఇంకొకడు దొరుకుతూనే ఉంటాడు. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు ఉన్న చెట్టుకే ఇలా ఉంటే, ఏ ఆంక్షా లేని నూనె సంగతి ఆలోచించండి. అక్కడెక్కడో ఒకరు మన కొండ గురించి పట్టించుకొని తమ ఊళ్ళో ఫర్నిచర్ షాపును ఈ కలప ఎక్కడిది అని నిలదీస్తే మనకెంత బలం? బోర్నియోలో ఉన్నవాళ్ళకు మనం ఆ పని చేద్దామనే నా ఆరాటం. శేషాచలం గురించి కూడా తప్పకుండా చేస్తాం, మీకు తెలిసింది చెప్పండి, వచ్చి వింటాం.

పీలేరు_చేనుగట్టు:

రైతుగా ఒక రెండు మాటలు. ఆయిల్‌పామ్ అనగానే అంతా ఒకే గాటన కట్టకండి. మన రాష్ట్రంలో అది ఎక్కువగా ఏలూరు, గోదావరి జిల్లాల్లో పొలాల్లో వేశారు, అడవి కొట్టి కాదు, పెదవేగిలో దానికి జాతీయ పరిశోధన సంస్థ కూడా ఉంది. నీళ్ళు బాగా తాగే పంట, మా మెట్ట భూములకు సరిపడదు, ఆ చర్చ వేరు. కానీ 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో పెట్టిన ఆయిల్‌పామ్ మిషన్ ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ మీద ప్రత్యేకంగా కన్నేసింది. అక్కడున్నవి వాన అడవులు. విదేశీ నూనె తగ్గించుకోవాలన్నది మంచిదే, దానికి మన అడవి బలి కాకూడదు. మీ ప్రచారంలో ఈ మాట కూడా చేర్చండి, లేకపోతే మన దేశానికో న్యాయం, ఇండోనేషియాకో న్యాయం అన్నట్టు ఉంటుంది.

ఇక చెనిక్కాయ. ఒకప్పుడు మా వైపు వాన పడితే చేలన్నీ చెనిక్కాయే. ఇప్పుడు వాన నమ్మకం లేదు, కూలి రేట్లు, కాయ ఊరే టైముకు అడవి పందులు, పలమనేరు, కుప్పం వైపైతే ఏనుగులు కూడా. తిరుపతి పరిశోధనా కేంద్రం బెట్ట తట్టుకునే ధరణి లాంటి రకాలు ఇచ్చింది, పండిద్దామంటే పండుతుంది, గిట్టుబాటే అనుమానం. మా ఊళ్ళో ఒక చెక్క గానుగ ఉంది, మోటారుతో తిరుగుతుంది. రెండున్నర కిలోల పప్పు పోస్తే సుమారు కిలో నూనె దిగుతుంది, దాన్ని రెండు మూడు రోజులు ఎండలో పెట్టి తేరుస్తారు, అడుగున మడ్డి దిగి పైన పచ్చటి బంగారం రంగులో నిలుస్తుంది. మిగిలిన చెక్క ఆవులకు. ఇందులో పారేసేది ఏదీ లేదు. దేశం మొత్తానికి గానుగ నూనె సరిపోతుందని నేను చెప్పను, అది జరగని పని. కానీ మీ హాస్టల్ మెస్సు ఉంది, పెళ్ళిళ్ళు చేసే కల్యాణ మండపాలు ఉన్నాయి, వాళ్ళలో కొందరు ముందే ఇంత నూనె కావాలని మాతో ఒప్పందం రాసుకుంటే మేము ఇంకో రెండెకరాలు ధైర్యంగా వేస్తాం. నిప్పట్ల అక్కలాంటి వాళ్ళ మీద ఈ బరువు పెట్టకండి, మోయగలిగేవాళ్ళ మీద పెట్టండి.

అలిపిరి_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. మా వాళ్ళకు ఈ థ్రెడ్ చదివి వినిపించాను, కాసేపు గట్టిగానే వాదించుకున్నాం, బండ్ల ముందు ప్లకార్డులు వద్దని అందరూ ఒప్పుకున్నారు. మెస్సు కమిటీకి అర్జీ పెడతాం. కంపెనీలకు ఉత్తరం రాయాలని కూడా అనుకున్నాం. శేషాద్రి అన్నా, ఊరికే రాస్తే చెత్తబుట్టలో పడేస్తారు కదా, ఏమని రాయాలి? సర్టిఫికేట్ ఉన్న నూనె వాడండి అంటే చాలా?

శేషాద్రి_దారి:

చాలదు తల్లీ. 2004లో మొదలైన ఆర్‌ఎస్‌పీఓ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికేట్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి, ఫలానా తోట నూనె వేరుగా ఉంచి చివరిదాకా తెచ్చేది. రెండోది, సర్టిఫికేట్ ఉన్న తోటల నూనెలన్నీ కలిపినా మిగతా నూనెతో కలపనిది. మూడోది, మంచి నూనె మామూలు నూనె కలిపేసి కాగితం మీద లెక్క చూపేది. నాలుగోది, మామూలు నూనే వాడుతూ ఎక్కడో ఉన్న మంచి తోటకు డబ్బు కట్టి క్రెడిట్లు కొనుక్కునేది. మొదటి రెండింటికీ చివరి రెండింటికీ చాలా తేడా ఉంది, కంపెనీ మాత్రం అన్నిటికీ కలిపి సర్టిఫైడ్ అనే ఒక్క మాటే చెబుతుంది. అందుకని మీ ఉత్తరంలో మొదటి ప్రశ్నగా ఏ రకం, ఎంత శాతం అని అడగండి. రెండో ప్రశ్న, మీకు నూనె వచ్చే మిల్లుల జాబితా బయట పెట్టారా, పెడితే ఎక్కడుంది అని అడగండి. మిల్లు తెలిస్తే తోటలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, ఎందుకంటే కోసిన గెలలు దాదాపు ఒక రోజులో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. ఆ చుట్టుపక్కల అడవి ఉందో పోయిందో ఉపగ్రహ చిత్రాల్లో ఎవరైనా చూసుకోవచ్చు. మూడో ప్రశ్న, మీ కంపెనీ విదేశాల్లో అమ్మే సరుకుకు పెట్టుకున్న నియమం ఇండియాలో అమ్మేదానికి కూడా వర్తిస్తుందా? ఈ మూడు చాలు, నాలుగోది కలపకండి.

చెత్తబుట్టలో పడకుండా ఉండాలంటే ముందు ఆ కంపెనీ సొంత రిపోర్టు చదవండి. షేర్ మార్కెట్లో లిస్టయిన పెద్ద కంపెనీలు, మార్కెట్ విలువలో మొదటి 1000, 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు, అంటే పర్యావరణం, సమాజం పట్ల తమ బాధ్యత గురించిన రిపోర్టు, ఇవ్వాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ రూలు. ముడిసరుకులో ఎంత శాతం పర్యావరణానికి హాని లేకుండా కొన్నారో అందులో ఒక ప్రశ్న ఉంటుంది. వాళ్ళు రాసిన జవాబునే మీ ఉత్తరంలో ఎత్తి చూపించి, దాంట్లో పామాయిల్ వాటా ఎంత అని అడగండి. ఎవరికి రాయాలన్న ఇబ్బంది లేదు, ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు, ఈమెయిల్ ప్రతి ప్యాకెట్ మీదా ఉండాలని చట్టమే చెబుతోంది. ప్యాకెట్ ఫోటో, బ్యాచ్ నంబరు జత చేయండి. జవాబు వచ్చినా రాకపోయినా తేదీతో సహా కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఆధారం లేకుండా ఏ కంపెనీనీ అడవి నరుకుతోంది అనకండి. అడగడం మీ హక్కు, నిందకు మాత్రం రుజువు కావాలి.

చిత్తూరు_నిప్పట్లు:

నా డబ్బా మీదున్న అడ్రసు, ఈమెయిలు ఫోటో తీసి ఇక్కడ పెడతా పాపా. ఉత్తరం తెలుగులో కూడా ఒకటి రాయండి. మా వీధిలో, కట్టమంచి వైపు డబ్బాల లెక్కన నూనె కొనేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే చాలామంది ఉన్నారు, వాళ్ళ దగ్గర సంతకాలు నేను పెట్టిస్తా. ఒక్కో డబ్బా కొనేవాళ్ళం అందరం కలిసి అడిగితే డీలరు కూడా పైకి మోసుకుపోక తప్పదు. ఆదివారం నాకు పొయ్యి ఉండదు, ఆ రోజు వస్తే కూర్చొని మాట్లాడుకుందాం.